కింద పడని రాయి

"ఎటు ప్లస్సు?"

ఆవిడ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. కూరగాయల బండివాడితో అన్నా, వదినగారితో అన్నా, నాతో అన్నా ఒకటే గొంతు. కోపం ఉండేది కాదు, ఎగతాళి ఉండేది కాదు. తాళంచెవి ఎక్కడ పెట్టావని అడిగినంత మామూలుగా అడిగేది. జవాబు చెప్పేదాకా మాత్రం కథ ముందుకు నడవనిచ్చేది కాదు.

మొన్న శుక్రవారం ఆవిడ పోయిందని తెలిసింది. కబురు చెప్పినాయన మా ఊరివాడే. "పేటలో ఫిజిక్సు చెప్పే పెద్దావిడ లేదూ, ఆవిడ పోయిందంట. చానామంది పిల్లల్ని గట్టెక్కించిందయ్యా" అన్నాడు. ఆవిడకు మొట్టమొదటి శిష్యుణ్ణి నేనేనని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆవిడ కాడ చదివితే ఇంజనీరువో డాక్టరువో కావాల గదా, తెలుగు పంతులువి ఎందుకయ్యావు?" అన్నాడు. విరుచుకున్న ఛాతీని మెల్లగా యథాస్థానంలో పెట్టుకున్నాను.

ఆవిడ పేరు రాయను. బతికుండగా తన గేటు మీద బోర్డులో కూడా పేరు వద్దని, 'ఫిజిక్సు' అని మాత్రం రాయించిన మనిషి. పోయాక నేను రాస్తే ఒప్పుకోదు. నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేది. ఇక్కడికి అది చాలు.

అవి ఎనభైల నాటి రోజులు. అప్పటికి నేను ఇంటర్ ఫిజిక్సు రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నరసరావుపేటలో పేరున్న ట్యుటోరియల్ కాలేజీలు నన్ను చూసి చేతులెత్తేశాయి. నా పద్ధతి నాకుండేది. లెక్కలో అంకెలు కనపడగానే, గుత్తివంకాయలో కారం కూరినట్టు ఫార్ములాలో కూరేసేవాణ్ణి. అన్నీ ప్లస్సులే. మనిషన్నాక మంచి మనసు ఉండాలి, మైనస్సులు దేనికని నా ఉద్దేశం కాబోలు. మొదటిసారి పరీక్షలో ఒక బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు. వేసిన కొద్దీ నా బస్సు వేగం పెంచుకుంటూ పోయింది. రెండోసారి పైకి విసిరిన బంతి, వెళ్లేకొద్దీ జోరందుకుని, ఇప్పటికీ వెళుతూనే ఉండి ఉంటుంది.

మా నాన్నకు నకరికల్లులో పత్తి చేలు ఉండేవి. కాలవ నీళ్లు తోడే ఆయిల్ ఇంజను ఒకటి ఉండేది. అది నాలాగే మొండిది. దాన్ని ట్రాక్టరు మీద వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పేటలో ఇంజన్లు బాగుచేసే సాయిబు గారి షెడ్డుకు తీసుకొచ్చాడు. షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. మధ్యలో ఒక గోనెపట్టా తెర.

"సాయిబూ, ఈ ఇంజనూ కదలదు, ఈ కొడుకూ కదలడు. ఇంజనుకంటే నువ్వున్నావు, వీడికెవరున్నారయ్యా?" అన్నాడు నాన్న.

"దేంట్లో తప్పాడు పెద్దాయనా?"

"ఫిజిక్సంట. ఈసారి కూడా తప్పితే పుస్తకాలు కాలవలో పారేసి చేలోకి దించుతా."

తెర వెనక నుంచి ఒక ఆడగొంతు వినపడింది. "ఏ చాప్టర్లో తప్పాడో అడుగన్నా."

ఏ చాప్టరేమిటి, మొదట్లోనే. సమ త్వరణంతో కదిలే వస్తువుల దగ్గరే నా బండి ఆగిపోయింది. తర్వాతి పాఠాల మొహం నేను సరిగా చూసిన పాపాన పోలేదు. ఆ మాట నేలచూపులు చూస్తూ చెప్పాను. తెర తొలగింది. కొంగు తల మీదికి లాక్కుని ఒక సన్నటావిడ వచ్చి నిలబడింది. సాయిబు గారి చెల్లెలు. బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసై, ఉద్యోగాలకు రాసి రాసి, ఇంట్లో ఉంటోంది. "రేపటి నుంచి పంపండి" అంది.

సాయిబు గారు చేతిలో స్పానర్ కింద పెట్టాడు. మంచివాడే కానీ భయస్థుడు. మగపిల్లలు ఇంటికొచ్చి చదువుకుంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన బెంగ. చెల్లెలు ట్యూషన్ పెడతానని అంతకుముందు అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తూ వచ్చాడట. మా నాన్న ఎదురుగా కాదనలేక, ఒక షరతు పెట్టాడు. "సరే. వీడొక్కడికి చెప్పు. వీడు పాసైతే బోర్డు నేనే రాయించి గేటుకి కడతా. తప్పాడా, ఇంగ ఈ ఇంట్లో చాక్‌పీసు మాట ఎత్తకూడదు. ఒప్పుకుంటావా?"

ఆవిడ నన్నొకసారి చూసింది. నా ముఖంలో ఏం కనపడిందో తెలియదు, "ఒప్పుకున్నా" అంది.

నా మీద పందెం కాసిన మొదటి మనిషి ఆవిడ. ఆఖరి మనిషి కూడా ఆవిడే. ఆ పూట ట్రాక్టరు మీద ఇంటికి పోతూ, ఒక చదువుకున్న మనిషి బతుకంతా నా ఫిజిక్సు మీద ఆధారపడి ఉందని తలుచుకుంటే నాకు చెమటలు పట్టాయి. గుర్రప్పందేల్లో గాడిదను నమ్ముకున్నట్టుంది ఆవిడ పని.

షెడ్డు చివర, బాగైన ఇంజన్లను పెట్టే చోట, సిమెంటు గచ్చు మీద మా తరగతి. నల్లబల్ల లేదు, ఆ గచ్చే నల్లబల్ల. ఆవిడ చాక్‌పీసును కొంగు చివర ముడివేసుకునేది. పాఠం మొదలుపెట్టేముందు ఆ ముడి విప్పేది, అయ్యాక మళ్లీ వేసుకునేది. అవతల సాయిబు గారు ఏదో ఒక ఇంజను స్టార్టు చేసి చూస్తూనే ఉండేవాడు. ఆ డుబడుబల మధ్య ఆవిడ గొంతు పెంచేది కాదు, ఇంజను ఊపిరి తీసుకునే సందు చూసుకుని మాట విసిరేది. నేను మాత్రం అర్థం కానప్పుడల్లా ఇంజను మీదికి నెట్టేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మొదటి రోజు లెక్క చదవగానే ఫార్ములా రాయబోయాను. ఆవిడ చాక్‌పీసుతో నా పెన్ను మీద కొట్టింది. "ముందు గీత గియ్యి. గీత మీద బాణం పెట్టు. ఎటు ప్లస్సు?"

"పుస్తకంలో లేదక్కా."

"పుస్తకంలో ఎట్టా ఉంటది? నువ్వు పెట్టుకోవాల. ఇదిగో రైలు పట్టా. అటు మాచర్ల, ఇటు గుంటూరు. ఎటు ప్లస్సు?"

"మాచర్ల వైపు" అన్నాను, మా ఊరు అటేనని.

"సరే. మాచర్ల బండి పోతావుంది. ఎర్రజెండా చూసి బ్రేకేశాడు. త్వరణం ఎటు?"

"బండి మాచర్లకే పోతావుంది గదక్కా. మాచర్ల వైపే."

"బండి ఎటన్నా పోనీ. బ్రేకు ఎటు లాగుతా ఉంది?"

కాసేపు ఆలోచించి, "గుంటూరు వైపు" అన్నాను.

"గుంటూరు ఏ గుర్తు?"

"మైనస్సు."

నా బస్సు బ్రేకు వేసిన కొద్దీ ఎందుకు పరిగెత్తిందో నాకు ఆ రోజు తెలిసింది. రెండేళ్లుగా కాలేజీల్లో కూర్చున్నా తెలియనిది. సంతోషం పట్టలేక ఇకనుంచి మాచర్లే ప్లస్సు అని ప్రకటించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గుంటూరు ప్లస్సు పెట్టుకున్నా లెక్క కుదిరిద్ది. ఎటు పెట్టుకున్నా తప్పులేదు. మధ్యలో మాత్రం మార్చమాకు. అందరూ బోర్లాపడేది ఆడనే."

ఈ సూత్రాన్ని ఆవిడ ఫిజిక్సుకే పరిమితం చేసేది కాదు. ఒకరోజు ఆవిడ వదినగారు తెర తీసుకుని వచ్చి, "మీ అన్న నన్ను పుట్టింటికి పంపట్లా, నువ్వన్నా చెప్పు" అని కళ్లొత్తుకుంది. "నిన్న ఆయన పొమ్మంటే, నన్ను తరిమేస్తన్నాడని ఏడ్చావు. వదినా, ముందు ఎటు ప్లస్సో తేల్చుకో. పోవడమా, ఉండడమా? రోజుకొకటి పెడితే నేను ఎవరి తరఫున చెప్పేది?" అంది ఆవిడ. వదినగారు ఏడుపు ఆపి నిజంగానే ఆలోచనలో పడింది. నాకు నవ్వొచ్చింది. "నువ్వు నవ్వమాక. నీ మూడో లెక్కలో అదే చేశావు" అంది నా వైపు తిరగకుండానే.

ఇంకో పిచ్చి ఉండేది ఆవిడకు. అర్థం కాని లెక్కను కాళ్లతో నడిపించేది. "వస్తువు వస్తువు అంటావే, ఆ వస్తువు నువ్వే. గేటు కాడ నిలబడు. నేను చప్పట్టు కొట్టినప్పుడల్లా ఒక అడుగెయ్యి. ప్రతి అడుగూ ముందుదాని కంటే జానెడు ఎక్కువ పడాల" అంది. గేటు దగ్గర మర్యాదగానే మొదలుపెట్టాను. షెడ్డు సగానికి వచ్చేసరికి అడుగులు అంగలయ్యాయి. పనివాళ్లు స్పానర్లు ఆపి చూస్తున్నారు. ఆఖరి చప్పట్టుకు గెంతి, ఇంజన్ల నీళ్ల డ్రమ్ముకు గుద్దుకుని, దాంతో సహా కింద పడ్డాను. నడుం దాకా తడిసిపోయాను. సాయిబు గారి షెడ్డు మొత్తం ఘొల్లుమంది.

ఆవిడ ఒక్కతే నవ్వలేదు. "తుదివేగం ఎంత?" అని అడిగింది.

"సున్నా అక్కా."

"డ్రమ్ముకి తగిలాక సున్నా. తగలకముందు?"

తడిబట్టలతోనే గచ్చు మీద కూర్చుని లెక్క చేశాను. సరిగ్గా వచ్చింది. నా జన్మలో నాకు నేనుగా చేసిన మొదటి ఫిజిక్సు లెక్క అది. అందుకోసం ఒక డ్రమ్ము నీళ్లు ఖర్చయ్యాయి.

పైకి విసిరే లెక్కలకు ఆవిడ దగ్గర నిమ్మకాయ ఉండేది. పైకి విసిరి, చేత్తో పట్టుకుని, మళ్లీ విసిరేది. "పైన ఒక్క క్షణం ఆగింది, చూశావా? వేగం సున్నా. త్వరణం?" అనేది. అది కూడా సున్నానే అనేవాణ్ణి నేను, ధీమాగా. "అయితే ఆడనే ఉండిపోవాలిగా, నా చేతిలోకి ఎందుకొచ్చింది?" అనేది. నేను నిమ్మకాయ వంకా, ఆవిడ చేతి వంకా చూసేవాణ్ణి. నిమ్మకాయ పోతున్నా, ఆగినా, దిగుతున్నా భూమి దాన్ని కిందికే లాగుతుందని, పైకి ప్లస్సు అనుకుంటే ఆ లాగుడు ఎప్పుడూ మైనస్సేనని నా బుర్రకు ఎక్కేసరికి ఆ కాయ వసివాడి పచ్చడికి కూడా పనికిరాకుండా పోయింది.

ఆ వానాకాలమంతా ఇలాగే గడిచింది. నిజం చెప్పొద్దూ, నాకు ఫిజిక్సు మీద ఇష్టం పుట్టింది. బస్సులో వెళుతూ కూడా డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా గుంటూరు వైపు, గుంటూరు వైపు అని గొణుక్కునేవాణ్ణి. పక్కన కూర్చున్న ఒకావిడ, "బాబూ, ఇది మాచర్ల బస్సు. దిగి గుంటూరు బస్సెక్కు" అని జాలిగా సలహా ఇచ్చింది.

సప్లిమెంటరీ పరీక్ష రోజు నకరికల్లు నుంచి నేనెక్కిన బస్సు దారిలో మొరాయించింది. ఎవరిదో లారీ ఎక్కి పేటలో దిగేసరికి టైము ముంచుకొస్తోంది. షెడ్డు ముందు నుంచి పరిగెడుతుంటే సాయిబు గారు చూశాడు. నేను తప్పితే ఆయన బెంగ తీరుతుంది. అయినా గబగబా సైకిల్ తీసి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని, సెంటరు దాకా రొప్పుతూ తొక్కాడు. దింపాక నూనె చేతులు లుంగీకి తుడుచుకుని నా భుజం తట్టాడు. "ఆ పందెం గురించి నువ్వేం ఆలోచించమాక. నీ పరీక్ష నువ్వు బాగా రాయి" అన్నాడు. ఆ చెయ్యి వేసిన చోట నా చొక్కాకు నల్లటి మరక పడింది.

పేపరు చూసి ఎగిరి గంతేశాను. థియరీ సగం వచ్చినదే. పెద్ద లెక్క మన చాప్టరులోదే. ఒక బెలూను సెకనుకు పది మీటర్ల వేగంతో పైకి లేస్తోంది. నేల నుంచి నలభై మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు దాన్లోంచి ఒక రాయి జారవిడిచారు. రాయి ఎంతసేపటికి నేలను చేరుతుంది? గురుత్వ త్వరణం పదిగా తీసుకోమని కూడా ఇచ్చారు పుణ్యాత్ములు.

గీత గీశాను. బాణం పెట్టాను. పైకి ప్లస్సు అని రాసి కింద గీటు కూడా పెట్టాను. రాయి బెలూనుతో పాటు పైకే పోతోంది కాబట్టి తొలివేగం ప్లస్సు పది. భూమి కిందికి లాగుతోంది కాబట్టి త్వరణం మైనస్సు పది. పక్క బెంచీవాణ్ణి చూసి జాలి కూడా పడ్డాను. ఇక ఎత్తు. ఎత్తు నలభై. నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఎత్తుకు ఎక్కడైనా మైనస్సు ఉంటుందా? మా ఊళ్లో తాటిచెట్టు ఎత్తు మైనస్సు ఇంత అని ఎవరైనా అంటారా? ప్లస్సు నలభై అని వేసేశాను.

తర్వాత వర్గసమీకరణం వచ్చింది. వర్గమూలం లోపల మైనస్సు గుర్తుతో ఒక అంకె తిష్ఠ వేసుకుని కూర్చుంది. మూడుసార్లు తిరిగి చేసినా అది లేవలేదు. వాస్తవ మూలాలు లేవు. తెలివైనవాడైతే వెనక్కి వెళ్లి తప్పు వెతుక్కుంటాడు. నాకేమో ఆ మూడు నెలల్లో ఆత్మవిశ్వాసం బాగా ముదిరింది. మాచర్ల బండికి తప్పని సూత్రం ఈ రాయికి తప్పుతుందా అనుకున్నాను. తొణక్కుండా చివరి వాక్యం రాశాను. "వాస్తవ మూలాలు లేవు. కాబట్టి వాస్తవంలో ఆ రాయి భూమిని చేరదు." జవాబు చుట్టూ డబ్బా కట్టి, కింద రెండు గీటులు కూడా పెట్టాను.

ఆ పేపరు దిద్దినాయన ఎవరో, ఎక్కడివాడో. ఆ పూటంతా ఆయన ఇంట్లోవాళ్లు సంతోషంగా గడిపి ఉంటారు.

ఫలితాలు పత్రికలో పడ్డాయి. నా నంబరు లేదు. ఆ లెక్క ఒక్కటి కుదిరినా గట్టెక్కేవాణ్ణే. షెడ్డుకు వెళ్లేసరికి సాయిబు గారి పక్కన పేపరు మడిచి ఉంది. నన్ను చూసి తల దించుకుని ఏదో బోల్టు బిగిస్తున్నాడు. అది అప్పటికే బిగిసి ఉందని నాకు కూడా తెలుస్తూనే ఉంది.

ఆవిడ మార్కుల మాట ఎత్తలేదు. "ఏ లెక్క పోయింది? గచ్చు మీద వెయ్యి" అంది, కొంగు ముడి విప్పి చాక్‌పీసు ఇస్తూ. నేను చేసింది చేసినట్టు చివరి వాక్యంతో సహా రాశాను. ఆవిడ చదివింది. మళ్లీ చదివింది.

"ఒరే తమ్ముడూ, ఆ రాయి ఎటు పోయిందిరా?"

"పడలేదక్కా."

అప్పుడు నవ్వింది. నేను ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేనూ సిగ్గు మరిచి నవ్వాను. కాసేపటికి ఆవిడ నవ్వు ఆగింది.

"ఎత్తుకి మైనస్సు ఎందుకు పెట్టలా?"

"ఎత్తు గదక్కా. ఎత్తు మైనస్సు ఎట్టా అయిద్ది?"

ఆవిడ గచ్చు మీద అలాగే కూర్చుండిపోయింది. "అది ఎత్తు కాదురా. బయల్దేరిన చోటు నుంచి చివరికి ఎటు తేలింది అని. బెలూను కాడ బయల్దేరింది, దానికంటే కిందకి పోయింది. పైకి ప్లస్సు అన్నాక, కింద మైనస్సే గదా." ఆగి, మెల్లగా అంది. "నేను చెప్పలా. నా నిమ్మకాయలన్నీ చేతిలోకే వచ్చినయి. చేతికంటే కిందకి ఒక్కదాన్ని కూడా పడనియ్యలా."

మైనస్సు నలభై వేసి చూపించింది. నాలుగు సెకన్లు. చిన్నపిల్లాడికి కూడా వచ్చే జవాబు. నా రాయి ఆ గచ్చు మీద చివరికి నేలను తాకింది, మూడు వారాలు ఆలస్యంగా.

తర్వాత ఆవిడ లేచి, చేతిలో మిగిలిన చాక్‌పీసు ముక్క తీసుకెళ్లి అన్న ముందున్న పీట మీద పెట్టింది. సాయిబు గారు స్పానర్ పట్టుకుని తలెత్తకుండా కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నేను తప్పినందుకు కాదు. అలవాటైన పని అది. ఆవిడ చెయ్యి ఖాళీ కొంగు చివరే ముడి వేసుకోవడం చూసి వచ్చింది. చెప్పకుండా బయటపడ్డాను.

నాన్న అన్నంత పనీ చేశాడు. ఒక ఏడాది పత్తి చేలో ఉన్నాను. పురుగుమందు కంటే ఫిజిక్సే నయమనిపించి, ఆ ఫిజిక్సే లేని ఆర్ట్స్ గ్రూపు కట్టి పాసై, తెలుగు పండితుణ్ణయ్యాను. వినుకొండ అవతల బళ్లలో ఉద్యోగం. పేటలో ఆవిడ ట్యూషన్ చెబుతోందని కొన్నాళ్లకు విన్నాను. మొదట నమ్మలేదు. ఒకసారి ఆ వీధి మొగలో నిలబడి చూస్తే గేటు బయట వరసగా సైకిళ్లు ఉన్నాయి. బోర్డు ఉంది. ఓడిపోయిన పందెం ఎలా గెలిచిందో అర్థం కాలేదు. లోపలికి వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు.

తర్వాత చాలా ఏళ్లకు పేట బస్టాండులో ఎదురుపడింది. జుట్టు నెరిసింది. కొంగు చివర ముడి అలాగే ఉంది. ఏం చేస్తున్నానని అడిగితే తెలుగు చెబుతున్నానన్నాను. "మంచిది. దాంట్లో రాయి పడకపోయినా మార్కులేస్తారు" అంది. మాచర్ల బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయింది. నేను అడగాల్సింది అడగనే లేదు.

ఆవిడ పోయిన మూడో రోజు చేసే ప్రార్థనలకు, జియారత్‌కు వెళ్లాను. షెడ్డు లేదు, ఆ చోట షామియానా వేసి కుర్చీలు పరిచారు. ఎంతమంది వచ్చారో. ఎవరిని కదిపినా ఆవిడ దగ్గర చదివినవాళ్లే. నేను ఎవరికీ తెలియను కాబట్టి ఒక మూల కూర్చుని వింటున్నాను. పక్కనున్న కళ్లజోడు డాక్టరు గారు ఇంకొకాయనతో అంటున్నారు. "నేను కూడా మొదట్లో నకరికల్లు రాయే వేశాను. మేడం నా పేపరు ఎత్తి క్లాసంతటికీ చూపించింది."

"నకరికల్లు రాయంటే ఏమిటండీ?" అన్నాను, కుర్చీ ఆయన వైపు జరుపుకుని.

"మీరు ఆవిడ స్టూడెంటు కాదా? గుర్తు మధ్యలో మార్చేస్తే రాయి గాల్లో ఉండిపోతుంది. దాన్ని మేమంతా నకరికల్లు రాయి అనేవాళ్లం. ప్రతి బ్యాచ్‌కీ మొదటి పాఠం అదే. ఎవరో మహానుభావుడు పరీక్షలో నిజంగా అలా రాశాడట."

ఆ మహానుభావుణ్ణి నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ముప్పై ఏళ్లుగా ఆవిడ దగ్గరికొచ్చిన పిల్లలందరికీ నేను పాఠమై ఉన్నాను, అదీ చెయ్యకూడనిదానికి. తెలుగు పండితుడిగా నేను నేర్పినదేదీ ఇంతకాలం నిలవలేదు.

ఇంతలో షామియానా అవతల నుంచి సాయిబు గారు చూశాడు. బాగా పెద్దవాడయ్యాడు, చూపు కూడా తగ్గింది. అయినా నన్ను పోల్చుకున్నాడు. చెయ్యెత్తి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇన్నేళ్లుగా నన్ను తొలుస్తున్న మాట అడిగాను.

"భాయీ, నేను తప్పాను గదా. ఆ రోజు చాక్‌పీసు నీ ముందు పెట్టేసింది. మరి మళ్లీ ఎట్టా ఒప్పుకున్నావు?"

"నీ రాయి వల్లనేనయ్యా" అన్నాడాయన. "నువ్వు పోయినాక అన్నం తింటన్నా, ముద్ద దిగలా. రాయి పడకుండా ఎట్టా ఉండిద్ది, ఆ లెక్కలో ఏముంది అని అదే తిరుగుతా ఉంది బుర్రలో. చెల్లెల్ని అడిగా. చాక్‌పీసు లేకుండా చెప్పలేను అంది. సరే తీసుకో అన్నా. ఎందాకా అంది. నాకర్థమయ్యేదాకా ఉంచుకో అన్నా."

"చెప్పిందా?"

"చెప్పింది. అర్థం కాలేదన్నా. మర్నాడు ఇంకో తీరున చెప్పింది. కాలేదన్నా. ఈలోపు పక్కింటి పిల్ల వచ్చి కూర్చుంది, దాని వెనక ఇంకొకరు. నేను బోర్డు రాయించా. పండక్కీ పబ్బానికీ అడుగుతానే ఉండేది, అన్నా, ఇప్పుడన్నా అర్థమైందా అని. కాలేదమ్మా అనేవాణ్ణి. మొన్న ఆసుపత్రిలో కూడా అడిగింది."

"ఏం చెప్పావు?"

ఆయన రెండు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు.

"కాలేదనే చెప్పా. మొదటి రోజు అన్నం కాడే అర్థమైందయ్యా నాకు. అయిందంటే చాక్‌పీసు ఇచ్చేసిద్దని చెప్పలా."